చెరి సగం

బైండింగు షాపు మేడ మీద,
చలి వెనకపట్టిన వారం

పొట్టీ,

మీ అన్నయ్య డిపో నుంచి వస్తూ కింద డబ్బాలోంచి నీ ఉత్తరం తీసుకొచ్చి, "చదువు, నేనూ వింటా" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇందులో ఉన్నవన్నీ మీ మీద చాడీలే, వింటే తిన్నది అరగదు అని చెప్పి లేపేశాను. అందుకే ఫోను వద్దు, ఉత్తరమే రాయి అని నీకు చెప్పేది. ఈ మేడ మీద మాకున్నది ఒక్క గది. ఎంత గుసగుసలాడినా సగం ఆయన చెవిలోనే పడుతుంది.

ఆయన చెవిన పడకూడని సంగతి ఒకటుంది. నా వేళ్ళు మొండికేశాయి. పొద్దున లేచేసరికి కణుపులన్నీ వాచి ఉంటున్నాయి, పిడికిలి ముడవడం లేదు. వేడినీళ్ళలో చాలాసేపు పెడితే గాని సూది పట్టుకోలేను. మొన్న కింద షాపులో ఒక లావుపాటి నిఘంటువు కుడుతున్నాను. మడత పెట్టిన కాగితాల ఫారాలన్నీ వరస తప్పకుండా పేర్చుకుని, పుస్తకం వెన్నులోంచి దారం లాగుతుంటే సూది జారి కింద పడింది. వంగి తీసుకున్నాను. మళ్ళీ పడింది. ఓనరు కళ్ళద్దాల మీంచి చూశాడు. సాయంత్రం వెళ్ళబోతుంటే, "అమ్మా, రేపట్నుంచి లేబుళ్ళు అంటించే బల్ల దగ్గర కూర్చోండి, మీకూ సుఖంగా ఉంటుంది" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో! రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

లేబుళ్ళు అంటించడానికి నేనెందుకే? ఈ ఊళ్ళో చేత్తో పుస్తకం కుట్టేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. మిషను కుట్టు పడితే పాత కాగితం చిరిగిపోతుందని లైబ్రరీ వాళ్ళు బస్తాలకి బస్తాలు నా కోసమే పంపుతున్నారు. ఆ సూది చెయ్యి జారిపోతే నేనూ ఇంట్లో ఉన్న సామానులో ఒక సామాన్ని.

మీ అన్నయ్యకు చెబితే "ఇంక మానెయ్" అంటారు. ఆ మాట అనడానికి ఎప్పటి నుంచో కాచుక్కూర్చున్నారు. బీపీకి ఒక మాత్ర, ఒంట్లో నీరు దిగడానికి ఒక మాత్ర వేసుకుంటున్నందుకే నన్ను గాజు సామానులా చూస్తున్నారు. వేళ్ళ సంగతి కూడా తెలిస్తే అంతే సంగతులు.

నీ మోకాళ్ళకి కొత్త డాక్టరు ఏదో మంచి మాత్ర ఇచ్చాడన్నావు. మెట్లు దిగుతూ పాట పాడుకున్నానని కూడా రాశావు. మందు మీద కూడా అసూయ పుట్టేలా రాస్తావే నువ్వు!

నీ వదిన


హోటలు ఇస్త్రీ గది,
మధ్యాహ్నం, ఆవిరి తగ్గాక

వదినా,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని చదువుతూ ఒక దిండు గలీబు మాడ్చాను. ఆ పాపం నీదే. మేనేజరు అడిగితే మా వదిన మాడ్చిందని చెబుతాను.

నిన్ను లేబుళ్ళ బల్ల దగ్గర కూర్చోబెడతాడా ఆయన? కూర్చోబెట్టనీ చూద్దాం. ఈ కవరు కాస్త ఎత్తుగా ఉందేమిటా అని నీకు అనుమానం వచ్చే ఉంటుంది. తిప్పి దులుపు. కిందపడ్డవి నా మోకాళ్ళ మాత్రలు. షీట్లన్నీ కత్తెరతో మధ్యకి కోశాను, నీకు సగం, నాకు సగం. పేరు అచ్చు వేసిన ముక్కలు నా దగ్గర ఉంచుకున్నాను, మళ్ళీ మందుల షాపులో చూపించాలి కదా. నీకు పేరుతో పనేముంది, పనిచేస్తే చాలు.

నువ్వు కాపురానికి వచ్చిన కొత్తలో సబ్బు బిళ్ళని దారంతో కోసి "చెరి సగం" అని నా చేతిలో పెట్టావు, గుర్తుందా? నాకు అంతవరకూ ఎవరూ ఏదీ సగం ఇవ్వలేదు. అమ్మ పోయాక ఇంట్లో అందరూ నాకు మిగిలింది ఇచ్చేవాళ్ళు. నువ్వొక్కదానివే సగం ఇచ్చావు. ఆ రోజు నుంచి దుప్పటి, గొడుగు, జ్వరం, అన్నీ మనకు చెరి సగమే. మాత్రలు మాత్రం ఎందుకు కాకూడదు?

అన్నం తిన్నాక వేసుకో. రోజుకి ఒకటి. పొద్దున పరగడుపున వేసుకోమని నాకు కడుపు కోసం ఇంకో గొట్టం మాత్ర కూడా ఇచ్చారు గాని, అది ఉత్త మంటకేనట, నీది రాళ్ళు అరిగే పొట్ట, నీకక్కర్లేదు.

అన్నయ్యకు చెప్పను. ఒట్టు.

నీ పొట్టి


బైండింగు షాపు మేడ మీద,
ఎండ బాగా కాసిన రోజు

నా బంగారు పొట్టీ,

ఇది మాత్రా, మంత్రమా? రెండో రోజుకే పిడికిలి ముడుచుకుంది. మూడో రోజు నేనే వెళ్ళి ఓనరు బల్ల మీదున్న నిఘంటువు లాక్కొచ్చుకుని, వెన్ను మొత్తం ఒక్క ఊపులో కుట్టేశాను. లేబుళ్ళ బల్ల మీద జిగురు డబ్బా ఎండిపోతోంది, ఎండనీ.

ప్రాణం లేచొచ్చిందే. బండెడు పుస్తకాలు ఎదురుగా ఉంటే పెళ్ళివారి ఇంట్లో దూరినట్టుంది. ఒకటి చెబుతాను, తిట్టకు. సాయంత్రమయ్యేసరికి వేళ్ళు మళ్ళీ సణుగుతున్నాయి, అందుకని పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుంటున్నాను. సాయంత్రం తిండి దాకా ఆగలేక పని మధ్యలోనే, చిక్కటి టీతో మింగేస్తున్నాను. మంచినీళ్ళు ఎక్కువ తాగితే మాటిమాటికీ వెనక దొడ్లోకి పరిగెత్తాలి, కుట్టు మధ్యలో లేస్తే దారం వదులవుతుంది. అందుకే నీళ్ళు ముట్టుకోను.

తిండి కూడా ఒంటబట్టినట్టుంది. చెప్పులు బిగుతయ్యాయి, మీ అన్నయ్య తొడిగిన ఉంగరం రావడం లేదు. "ఇన్నేళ్ళకి ఉంగరం తియ్యకుండా గట్టిగా పట్టుకుంది" అని ఆయన మురిసిపోతున్నారు పాపం.

అయిపోవస్తున్నాయి. ఇంకో సగం పంపుతావా?

నీ వదిన


హోటలు ఇస్త్రీ గది,
పెళ్ళి బృందం ఖాళీ చేసిన మర్నాడు

వదినా,

పంపుతున్నాను. ఈసారి సగం కంటే ఒకటి ఎక్కువే నీ వైపు పడింది, కత్తెర అటు వంగింది. నాకు ఇంట్లో ఉన్నాయిలే.

ఈ వారమంతా పెళ్ళి బృందం దుప్పట్లు, తువ్వాళ్ళు. కొండంత. సాయంత్రానికి మోకాళ్ళు నాతో మాట్లాడటం మానేశాయి. రెండు రోజులకొకటి వేసుకుంటున్నాను, సరిపోతోంది. నువ్వు కుట్టిన పుస్తకాలు తలుచుకుంటే నాకు సగం నొప్పి తగ్గుతుంది. నిజంగా. ఎక్కడో లైబ్రరీలో ఎవరో పుస్తకం తెరుస్తారు, అది మూలగకుండా తెరుచుకుంటుంది, అందులో నా పాలు కూడా కాస్త ఉంటుంది.

చెప్పులు బిగుతయ్యాయన్నావు. నువ్వెప్పుడూ పుల్లలాగే ఉన్నావు, కాస్త ఒళ్ళు చేస్తే అందంగానే ఉంటావు.

వచ్చే వారం డాక్టరు రక్తపరీక్షకి రమ్మన్నాడు. ఈ మాత్ర వాడేవాళ్ళకి అప్పుడప్పుడు చేస్తారట. వెళ్ళొచ్చి రాస్తాను.

నీ పొట్టి


బైండింగు షాపు మేడ మీద,
వేడి ముదిరిన రోజుల్లో

పొట్టీ,

నాలుగు రోజులుగా నోట్లో ఇనప ముక్క పెట్టుకున్నట్టుంది. ఏం తిన్నా వెనక్కి తన్నుతోంది. వేడి చేసిందిలే అనుకున్నాను. మీ అన్నయ్య ఊరుకోరుగా, నన్ను రెక్క పట్టుకుని బీపీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. బీపీ పెరిగింది. కాళ్ళు నొక్కి చూసి, వేలు తీశాక కూడా గుంట అలాగే ఉందని ఆయన పెదవి విరిచాడు.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా? నొప్పి మాత్రలు లాంటివి?" అని అడిగాడు.

నా మందులు రెండే అని చెప్పాను. అబద్ధం ఆడలేదే పొట్టీ. నాకు రాసిచ్చినవి రెండే కదా. నీవి నీవే, నీ డాక్టరు రాసినవి, నీ పేరు మీద కొన్నవి. నేను వాటిలో సగం పంచుకుంటున్నాను, అంతే. పక్కన మీ అన్నయ్య కూర్చుని ఉంటే అవి కూడా విప్పి చెప్పనా? చెబితే ఆ గదిలోనే నా సూది లాక్కునేవారు. నీకూ అక్షింతలు పడేవి.

డాక్టరు నీటి మాత్ర మోతాదు పెంచాడు. రక్తపరీక్ష కూడా రాశాడు. లైబ్రరీ బస్తాలు అయ్యాక చేయించుకుంటాను, ఇప్పుడు తీరికెక్కడిది?

పుస్తకాలు ఎంత బాగా వస్తున్నాయో చూడాలి నువ్వు. ఓనరు నిన్న ఒకదాన్ని తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, "ఇది మన తరవాత కూడా ఉంటుందమ్మా" అన్నాడు. రాత్రంతా ఆ మాటే చెవిలో ఉంది.

మందులు నిండుకున్నాయి. మర్చిపోకు.

నీ వదిన


ఇంటి నుంచి, హోటలుకి సెలవు పెట్టి

వదినా, వదినా,

మొన్న మళ్ళీ పంపిన ఆ మాత్రలు ఇప్పుడే ఆపెయ్. ఈ ఉత్తరం చదవడం సగంలో ఆపి ముందు అవి తీసి పారెయ్, తరవాత చదువు.

ఇవాళ రక్తపరీక్షకని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మోకాళ్ళు ఎందుకు తగ్గలేదు, రోజూ వేసుకోవడం లేదా అని అడిగాడు. నా నోరు ఆగుతుందా? సగం మా వదినకి పంపుతున్నానని నవ్వుతూ చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశాడు.

"ఆవిడకి బీపీ ఉందా?" అన్నాడు. ఉందన్నాను. "నీరు పోవడానికి ఏమైనా వాడుతుందా?" వాడుతుందన్నాను. నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు వదినా, నేనే చదివి మడిచి పెట్టేశాను. బీపీ మాత్ర, నీటి మాత్ర, ఈ నొప్పి మాత్ర, ఈ మూడూ ఒక ఒంట్లో కలిస్తే మూత్రపిండాలకి రక్తం అందదట. అందులోనూ నీళ్ళు తక్కువ తాగేవాళ్ళకి, వాంతులు అవుతున్నవాళ్ళకి మరీ ప్రమాదమట. "వాపు ఉందా, నోరు చేదుగా ఉందా, మూత్రం తగ్గిందా?" అని ఆయన అడుగుతుంటే నాకు నీ ఉత్తరాలే కళ్ళ ముందు తిరిగాయి. చెప్పులు. ఉంగరం. నేను ఒళ్ళు చేశావని మురిసిపోయాను.

ఆ కడుపు మాత్ర కూడా ఉత్తిదే కాదట. అది లేకుండా వాడితే కొందరికి లోపల పుండు పడి రక్తం పోతుందట. దొడ్డికి నల్లగా తారులా వస్తే ఆ క్షణమే ఆసుపత్రికి పరిగెత్తాలట. "ఈ మందు చెడ్డది కాదమ్మా, మీకు సరిపోతుందో లేదో చూసి, మీ రక్తం చూసి, బాగా నొప్పి ఉన్న కొన్నాళ్ళకే, తక్కువ మోతాదులో రాశాను. ఆవిణ్ణి ఎవరు చూశారు?" అన్నాడు.

ఇంటికి రాగానే ఫోను చేశాను. అన్నయ్య ఎత్తాడు. నువ్వు బట్టలు ఆరేస్తున్నావన్నాడు. "ఏంటే, గొంతు అలా ఉంది?" అన్నాడు. నాలుక చివరిదాకా వచ్చింది. నీకు ఒట్టేశానుగా. "ఏం లేదన్నయ్యా, వదిన్ని నాకు ఫోను చెయ్యమను" అని పెట్టేశాను. నువ్వు చెయ్యలేదు.

బీపీ మందు నీ అంతట నువ్వు ఆపకు. రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళు, ఈ మాత్ర పేరు పెద్ద అక్షరాలతో రాసిన చీటీ ఇందులో పెడుతున్నాను, ఆయన చేతిలో పెట్టు. నా పేరు కూడా చెప్పు. తిట్టనీ. నీ కాళ్ళు పట్టుకుంటాను వదినా, వెళ్ళు.

పొట్టి


బైండింగు షాపు మేడ మీద

పొట్టీ,

అంత గాభరా దేనికే? ఆపేశాను. వాంతులూ తగ్గాయి. నీ డాక్టరు భయపెట్టడంలో పండితుడిలా ఉన్నాడు.

ఒక్క బస్తా మిగిలింది. అది కాగానే వెళ్తాను. చీటీ జాగ్రత్తగా దాచాను.

మీ అన్నయ్యకు మాత్రం చెప్పకు. ఇన్నేళ్ళలో ఆయన నీ మీద ఒక్క మాట పడనివ్వలేదు. నా మూలంగా పడటం నాకిష్టం లేదు.

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. పడుకునే రాస్తున్నాను.

వదిన


ఆసుపత్రి వరండా

చెల్లీ,

నాకు ఉత్తరాలు రాయడం చేతకాదు. ఫోను రెండుసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేశాను, అందుకే ఇది.

మీ వదిన షాపులో బల్ల మీదే ఒరిగిపోయింది. ఓనరు, నేను కలిసి తీసుకొచ్చాం. మూత్రపిండాలు రెండూ ఆగిపోయాయట. మెడ దగ్గర గొట్టం వేసి మిషనుతో రక్తం శుభ్రం చేస్తున్నారు. కొంత కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు అంటున్నారు. వాళ్ళు చెప్పే తీరు చూస్తే రెండోదే అనిపిస్తోంది.

ఏ మందులు వాడిందో చెప్పమని డాక్టర్లు పదేపదే అడుగుతున్నారు. మెలకువ వచ్చినప్పుడు నేనూ అడిగాను. "నావి రెండే" అని గోడవైపు తిరిగింది. షాపుకి వెళ్ళి దాని సంచి వెతికాను. జిగురు బ్రష్షుల కింద వెండి కాగితం ముక్కలు దొరికాయి, మాత్రలు అయిపోయిన ఖాళీ ముక్కలు. వాటి మీద పేరు లేదు. ఒక అంచు కత్తెరతో కోసి ఉంది, చాలా తిన్నగా. అట్ట ముక్కల మధ్య ఒక ఉత్తరం కూడా మడిచి ఉంది, నీ దస్తూరీ. నేను విప్పలేదు. మీ ఇద్దరి ఉత్తరాలు నేనెప్పుడూ చదవలేదు, ఇప్పుడు చదవడం నావల్ల కాలేదు.

ఆ రోజు నువ్వు ఫోను చేసి ఏం లేదన్నావు. నీకేమైనా తెలిస్తే చెప్పమ్మా. నేను ఏమీ అనను.

అన్నయ్య


ఇంటి నుంచి

అన్నయ్యా,

నీ ఉత్తరం చూడగానే ఆసుపత్రికి ఫోను చేసి మందు పేరు, ఎన్నాళ్ళ నుంచో, రోజుకెన్నో డాక్టరుకే చెప్పాను. నువ్వు ఎత్తితే చెప్పలేకపోయేదాన్ని.

అవి నా మాత్రలే. నేనే కోసి పంపాను. ఆ ఉత్తరం విప్పు, అన్నీ అందులోనే ఉన్నాయి. మందు పేరు ఉన్న చీటీ కూడా ఉంటుంది. అది నీకు ఆ రోజే ఫోనులో చెప్పి ఉంటే ఇన్ని రోజులు పోయేవి కాదు. నువ్వు ఏమీ అననన్నావు. ఏదో ఒకటి అను అన్నయ్యా. ఇలా ఊరుకుంటే నేను బతకలేను.

నాకు రెండు మూత్రపిండాలున్నాయి. మిషను మీద ఎన్నాళ్ళని ఉంటుంది? ఒకటి తీసి పెట్టమని అడుగుతాను. వదినకి చెప్పు, ఎప్పటిలాగే చెరి సగమని. బట్టలు సర్దుకున్నాను, శుక్రవారం బండికి వస్తున్నాను.

పొట్టి


బైండింగు షాపు మేడ మీద,
వానలు పడుతున్నాయి

పొట్టీ,

నువ్వు వచ్చి వెళ్ళాక ఇది మొదటి ఉత్తరం. నేను చెబుతుంటే మీ అన్నయ్య రాస్తున్నారు. కాబట్టి ఆయన మీద చాడీలు ఉండవు, చప్పగా ఉంటుంది, సర్దుకో.

నీ పరీక్షల కాగితాలు వచ్చాయట. నీ మూత్రపిండాలు కూడా అంతంతమాత్రంగానే ఉన్నాయని, నీ దగ్గర్నుంచి తీసుకోవడం కుదరదని చెప్పారు. ఇన్నేళ్ళు నిలబడి ఆ నొప్పితో, ఆ మందులతో గడిపావు, ఎలా ఉంటాయి మరి? మీ అన్నయ్యవి నాకు కలవవట. ఇంకెవరున్నారు మనకి? పోయినవాళ్ళెవరిదైనా దొరికేదాకా పేరు రాయించుకుని వరసలో కూర్చోమన్నారు. నా గుండె ఆపరేషను తట్టుకోలేదని చూసిన డాక్టరు ఆ మాట కూడా మొహమాటానికే అన్నాడని నాకు అర్థమైంది. మీ అన్నయ్యకు అర్థం కాలేదు. ఇప్పుడు రాస్తూ ఆగిపోయారు. రాయండి.

రోజు విడిచి రోజు మిషను దగ్గరికి వెళ్తున్నాను. వచ్చాక మంచం దిగలేను. నీళ్ళు కొలిచి ఇస్తున్నారు. అప్పుడు తాగమంటే తాగలేదు, ఇప్పుడు అడిగినా ఇవ్వరు. ఓనరు వచ్చి ఆ చివరి బస్తా మిషను కుట్టుకి పంపేశానని చెప్పి తల వంచుకున్నాడు. నేను కుట్టిన పుస్తకం ఒకటి తెచ్చి దిండు పక్కన పెట్టాడు. తెరవాలంటే వేళ్ళు ముడవడం లేదు.

వేళ్ళ నొప్పి మళ్ళీ వచ్చింది పొట్టీ, అప్పటికంటే ఎక్కువగా. దానికి వాడదగ్గవేవో ఇచ్చారు గాని ఆనడం లేదు, ఆ పాత రకం మాత్రలు మాత్రం ఇంక ఈ జన్మకి నోట పెట్టకూడదన్నారు. పొద్దున్నే మీ అన్నయ్య నా చేతులు వేడినీళ్ళలో పెట్టి కూర్చుంటారు. నీళ్ళు చల్లారితే లేచి మళ్ళీ కాచి తెస్తారు.

నువ్వు రోజూ ఏడుస్తున్నావని, తిండి మానేశావని విన్నాను. నాకోసం అని ఏమీ పంపకు, ఏమీ సగం చెయ్యకు. నీ మందు నీ డాక్టరు చెప్పినట్టు నువ్వే వేసుకో, వద్దంటే మానెయ్. ఈ నొప్పి పంచుకోవడానికి లేదు. ఇది మొత్తం నాదే.

కింద సంతకం నేనే పెడతానన్నాను. కలం నిలవలేదు. సగం గీసి వదిలేశాను, మిగతా సగం మీ అన్నయ్య పూర్తి చేశారు.

వదిన